ఏడో రకం పరుగు

బరువు నెత్తిన పెట్టుకున్నవాడు ఉత్తచేతులవాడితో సమానంగా పరిగెత్తాడని ఎవరైనా చెబితే, రెండిట్లో ఒకటి నిజమై ఉండాలి. నెత్తిమీద బుట్ట ఖాళీదైనా అయి ఉండాలి, చెప్పినవాడు అబద్ధమైనా ఆడి ఉండాలి. మూడోది ఉండవచ్చునని పెద్దకోడలికి తోచలేదు. తోచి ఉంటే ఇంత కథ నడిచేది కాదు.

ఇంట్లో పెద్దకోడలు గానీ ల్యాబులో ఆవిడ పేరు లెక్కలావిడ. పాలు పడనివాళ్ల కోసం ఒక ఎంజైము తయారు చేసే ల్యాబు అది. తయారు చేసేది మనుషులు కాదు, బ్యాక్టీరియా. బయటి నుంచి తెచ్చిన జన్యువొకటి వాటిలో పెడితే, పాపం, అవి తమ పని చేసుకుంటూనే మన పనీ చేసిపెడతాయి. ఊరికే చేయవు మరి. కణంలో ప్రోటీన్లు తయారు చేసే యంత్రాలు కొన్నే ఉంటాయి. వాటిలో చాలా భాగం మన ఎంజైము పనిలో పడితే, కణం తాను పెరగడానికి మిగిలేవి తక్కువ. అందుకని ఎంత ఎక్కువ చేయిస్తే అంత నెమ్మదిగా పెరుగుతుంది. ఏ జన్యువు పెడితే ఎంత బరువు పడుతుందో, దానివల్ల పెరుగుదల ఎంత తగ్గుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అందుకోసం ఆవిడ గీసిన గీత ఒకటుంది. ఎడమవైపు ఎత్తుగా మొదలై కుడివైపుకి జారుతుంది. బరువు పెరిగే కొద్దీ వేగం తగ్గుతుందని దాని అర్థం. పిల్లల ఫొటోలు పెట్టుకునే చోట ఆవిడ ఆ గీతను పెట్టుకుంది.

కింది అంతస్తులో, బల్లల దగ్గర, ఆ బ్యాక్టీరియాను నిజంగా పెంచేది చిన్నకోడలు. అంటే ఆవిడ తోడికోడలే. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. కోడళ్లిద్దరిదీ ఒకే ల్యాబు. "ఒకే ఒరలో రెండు కత్తులేమిటండీ" అని పక్కింటివాళ్లు నవ్వితే, "కత్తులెందుకవుతాయి, రెండు గరిటెలు. ఒకటి కలుపుతుంది, ఒకటి వడ్డిస్తుంది" అని అత్తగారు తిప్పికొట్టేది. చిన్నకోడల్ని ఉద్యోగంలో పెట్టించింది కూడా పెద్దకోడలే. "మావాళ్లని చెప్పడం లేదు సార్, చెయ్యి తిరిగిన పిల్ల. కావాలంటే చూడండి" అని డైరెక్టర్ దగ్గర మాట వేసింది. డైరెక్టర్ ప్రతిదానికీ "చూద్దాం" అంటాడు గనుక ల్యాబంతా ఆయన్ను చాటుగా చూద్దాంగారు అంటారు. అప్పుడూ చూద్దామన్నాడు. చూసి, తీసుకున్నాడు.

అలాంటి చిన్నకోడలు ఒక పొద్దున ఏడో రకం కొలతలు పైకి పంపింది.

అప్పటికి ఆరు రకాల బ్యాక్టీరియా తయారయ్యాయి. ఆరింటి చుక్కలూ పెద్దకోడలి గీతమీద బడిపిల్లల్లా వరసగా కూర్చున్నాయి. ఏడోది మాత్రం గీతకు ఎంతో పైన, ఎవరినీ లెక్కచేయనట్టు విడిగా నిలబడింది. ఎంజైము చూస్తే అందరికంటే ఎక్కువ. పెరుగుదల చూస్తే ఏ జన్యువూ పెట్టని ఖాళీ బ్యాక్టీరియాతో పోటీ. పెద్దకోడలు ముందు తన ప్రోగ్రామును అనుమానించింది. అదేమీ తప్పు చేయలేదు. తర్వాత యంత్రాన్ని అనుమానించింది. అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది మనిషి.

మధ్యాహ్నం కిందికి దిగి, ఏదో పనిమీద వచ్చినట్టు బల్లలమధ్య తిరుగుతూ అడిగింది.

"ఏడో రకం ఎలా ఉంది చిన్నీ?"

చిన్నకోడలు ట్యూబులకు మూతలు పెడుతోంది. తల ఎత్తకుండానే నవ్వింది.

"పంపించాగా అక్కా, చూశావా?"

"చూశాను. భలే ఉంది."

"మీటింగులో చెప్తాలే. అప్పటిదాకా ఏం అడక్కు."

అడగొద్దన్న మాట దగ్గర పెద్దకోడలి మనసు ఆగిపోయింది. దాచడానికి ఏమీ లేనివాళ్లు అడగొద్దని ఎందుకంటారు? పైగా ఆ మాట అంటున్నప్పుడు మొహంలోకి చూడలేదు. ట్యూబులకు మూత పెడుతూ మొహంలోకి ఎవరు చూడగలరని ఆవిడకు అప్పుడు తట్టలేదు.

అనుమానం పెనుభూతం అంటారు. నిజానికి అది మొదట్లో భూతమంత ఉండదు, ఇంట్లో చీమంత ఉంటుంది. ఆ సాయంత్రం నుంచి పెద్దకోడలికి తోడికోడలు చేసే ప్రతి పనీ ఆ చీమల బారులో మరొకటిగా కనిపించసాగింది. చిన్నకోడలికి ఒక అలవాటుంది. ల్యాబునుంచి రాగానే తోమాల్సిన గిన్నెలన్నీ సింకులో అలాగే వదిలేసి, సోఫాలో కాళ్లు చాపుకుని కాసేపు కళ్లు మూసుకుంటుంది. లేచాక ఒక్క ఊపున అన్నీ తోమేస్తుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం పెద్దకోడలికి అది వేరేగా కనిపించింది. పని చేసినట్టు కనబడుతూ పని తప్పించుకునే మనిషి ఇంట్లోనే ఇలా ఉంటే, అక్కడ ఎలా ఉంటుంది?

"మళ్లీ నిద్రేనా?" అంది అత్తగారితో, కావాలనే కాస్త గట్టిగా.

"పడుకోనీ. లేచి చేస్తుందిగా" అంది అత్తగారు. "నువ్వూ కాసేపు నడుం వాల్చొచ్చు కదే. ఎవరన్నా వద్దన్నారా?"

"నేను వాలిస్తే ఇల్లెలా గడుస్తుంది అత్తయ్యా?"

"గడుస్తుందమ్మా. గడవదని నీకు తప్ప ఎవరికీ లేదు."

పెద్దకోడలు ఆ మాట విననట్టు కూరగాయలు తరిగింది. ఆవిడ కడుపులో మంటకు పేరు పెట్టాలంటే అసూయ అని పెట్టవచ్చు. ఆవిడ మాత్రం దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత, మేడమీద బట్టలు తీస్తుంటే, మెట్లమీద కూర్చుని చిన్నకోడలు వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడడం వినబడింది. "అక్కకి ఇంకా తెలీదమ్మా... లేదు, ఇప్పుడే చెప్పను, కొన్నాళ్లు దాచాలి... తెలిస్తే ఏమంటుందో అని భయంగానే ఉంది." అంతే వినబడింది. మిగతాది పెద్దకోడలు సొంతంగా పూరించుకుంది. లెక్కల మనిషికి మధ్యలో ఖాళీలు పూరించడం ఎంతసేపు!

ఏడో రకంలో జన్యువే లేదు. అదీ ఆవిడ తేల్చుకున్నది. చిన్నకోడలు ఖాళీ బ్యాక్టీరియాను పెంచి, దాని వేగాన్ని ఏడో రకం పేరున రాసి పంపింది. ఎంజైము అంకెలు ఎక్కడినుంచో తెచ్చి పక్కన అతికించింది. మీటింగులో అందరూ చప్పట్లు కొడతారు. రేపో మాపో పెద్ద తొట్టెల్లో పెంచడం మొదలుపెట్టగానే గుట్టు రట్టవుతుంది. అప్పుడు చిన్నకోడలి ఉద్యోగం పోవడంతో ఆగదు. దాన్ని తీసుకొచ్చిన పెద్దకోడలి మాటా పోతుంది, ఆ గీతమీద నమ్మకమూ పోతుంది. చిన్నకోడల్ని పిలిచి మొహంమీద అడగవచ్చు. ఆ ఆలోచన ఒకటి రెండుసార్లు వచ్చింది కూడా. అడిగితే జాగ్రత్తపడుతుందని వెనక్కి నెట్టేసింది.

తనే పరీక్ష చేసి చూడాలనుకుంది. చదువుకునే రోజుల్లో తానూ బల్లదగ్గర పని చేసిన మనిషే. సెలవురోజు పొద్దున ఎవరూ లేనప్పుడు కార్డు గీసి కింది అంతస్తులోకి వెళ్లింది. చిన్నకోడలి ఫ్రీజరు తలుపు తీసి, ఏడో రకం ట్యూబులోనుంచి పిసరంత గోకి తీసుకుని, ట్యూబును ఉన్నచోటే పెట్టేసింది. పాత యంత్రాల గదిలో ఒక మూల పడి ఉన్న, ఫ్లాస్కులు ఊపే షేకరులో దాన్ని పెంచడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే "పాత యంత్రం పనిచేస్తుందో లేదో చూస్తున్నా" అంది. పొడుగాయన అని ఒకాయన, చిన్నకోడలి పక్క బల్ల ఆయన, ఒకసారి తొంగిచూసి, "లెక్కలావిడ కూడా ఫ్లాస్కులు పట్టారే! ఇక మా ఉద్యోగాలు ఊడినట్టే" అని నవ్వుతూ పోయాడు. ఆవిడకు ఆ నవ్వు కూడా నచ్చలేదు. ఈయనకేమైనా తెలుసా?

పరీక్షను ఆవిడ తన పద్ధతిలో చేసింది. మామూలుగా ఈ బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ కలిపిన ఆహారంలో పెంచుతారు. జన్యువుతోపాటు ఆ మందును తట్టుకునే శక్తిని కూడా జతచేసి పెడతారు గనుక, బరువు మోస్తున్నవి బతుకుతాయి, బరువు పారేసినవి చస్తాయి. పెద్దకోడలు దాన్ని కలపలేదు. మందువల్ల కూడా పెరుగుదల కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదల తన లెక్కలో కలిసిపోతుంది, తనకు జన్యువు బరువొక్కటే విడిగా కావాలి. లెక్క శుభ్రంగా ఉండాలి. ఇక జన్యువుతో పని చేయించే మందు ఇంకొకటుంది. చిన్నకోడలు దాన్ని చిటికెడు వేస్తుంది. పెద్దకోడలు నిండుగా వేసింది. ఆవిడ లెక్క నిండు బరువు మీద నడిచే లెక్క మరి. ప్రతి పొద్దునా ముందురోజు ఫ్లాస్కులోనుంచి ఒక చుక్క తీసి కొత్త ఆహారంలో వేస్తూ వచ్చింది. రీడరు యంత్రం తనపాటికి అన్నీ కొలిచి దాచుకుంటూ వచ్చింది.

చివరి రోజున ఆవిడ కొలతలు తెరిచి చూసింది. బ్యాక్టీరియా ఖాళీవాటిలాగే పరిగెడుతున్నాయి. ఎంజైము లేదు. పేరుకు కూడా లేదు.

ఆవిడకు గెలిచినట్టూ అనిపించింది, ఇంట్లో ఎవరో పోయినట్టూ అనిపించింది. ముందు రోజుల కొలతలు యంత్రంలోనే ఉన్నాయి. వాటిని తెరవలేదు. వెతుకుతున్నది దొరికాక ఇంకా వెతికేవాళ్లు ఎక్కడుంటారు?

చూద్దాంగారి గదిలో తలుపు వేసుకుని చెప్పింది. తన పేరు బయటికి రాకూడదని కోరింది. "ఇంట్లో చిన్నది సార్. నేనే చెప్పానని తెలిస్తే ఇల్లు రెండవుతుంది. కానీ చెప్పకపోతే తప్పు కదా." ఆయన ఈసారి చూద్దాం అనలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మీరు చెప్పారంటే నమ్మాల్సిందే" అన్నాడు. ఆ సాయంత్రమే చిన్నకోడలి కార్డు పనిచేయడం మానేసింది. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు.

చిన్నకోడలు ఇంటికొచ్చి వంటగది గడపలోనే కూలబడింది. అత్తగారు మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"దొంగ లెక్క రాశానంట అత్తయ్యా. ఎవరో పరీక్ష చేశారంట. ఎవరో చెప్పరంట!"

"ఎవడో గిట్టనివాడు ఉంటాడు" అంది అత్తగారు. "ఎవరే పెద్దదానా? నువ్వు పైన ఉంటావుగా, నీ చెవిన పడలేదూ?"

పెద్దకోడలు పొయ్యి దగ్గర వెనక్కి తిరగకుండానే, "నాకేం తెలుస్తుంది అత్తయ్యా" అంది. అబద్ధం గొంతులో అడ్డంపడకుండా ఇంత సులువుగా జారిందేమిటా అని తనకే వింతగా అనిపించింది.

భోజనాల దగ్గర మగవాళ్లిద్దరూ తలో మాట అన్నారు. పెద్దాయన, "విచారణ జరగనీ, నిజమైతే నిలబడుతుంది" అన్నాడు. చిన్నాయన కంచం తోసేసి లేచిపోయాడు. చిన్నకోడలు మాత్రం ఎవరి మాటా వినకుండా పెద్దకోడలి భుజంమీద తల పెట్టుకుని ఏడ్చింది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది అక్కా. లేకపోతే పిచ్చెక్కేది." పెద్దకోడలు దాని వీపు నిమిరింది. భలే నటిస్తుంది అనుకుంది. వెంటనే, నటిస్తున్నది ఎవరు అని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచనను ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తోంది. చిన్నకోడలు కంప్యూటరు పట్టుకుని పెద్దకోడలి గదిలోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నా మొహంలో ఏదో పట్టుదల.

"డైరెక్టరు గారు ఆ పరీక్ష కొలతలు పంపించారక్కా. సంజాయిషీ రాయమన్నారు. యంత్రంలో ఉన్నవన్నీ పంపారు, మొదటి రోజునుంచీ. నీకంటే బాగా గీతలు చదివేవాళ్లెవరున్నారు? నీ ప్రోగ్రాములో వేసి చూడు."

"నేనా?"

"నువ్వే. నా తరఫున ఇంకెవరు చేస్తారు?"

కాదంటే అనుమానం వస్తుంది. పెద్దకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటిరోజు కొలతలు తెరమీదికి రాగానే ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. మొదటిరోజు ఎంజైము ఉంది. దండిగా ఉంది. పెరుగుదల నెమ్మదిగా ఉంది.

"చూశావా!" అంది చిన్నకోడలు. "జన్యువు ఉంది. మొదటిరోజు ఉంది. తర్వాత పోయింది. పోయేలా ఏదో చేశారు."

"నెమ్మదిగా ఉందే మరి," అంది పెద్దకోడలు. "నువ్వు ఖాళీవాటిలా పరిగెడుతుందని పంపావుగా."

చిన్నకోడలు అక్క మంచంమీద కూర్చుని, చెప్పేసింది.

"అదే నీకు చెప్పడానికి భయపడ్డానక్కా. మిగతావాటిలో జన్యువు ఆగకుండా పనిచేయిస్తూనే ఉంటుంది. ఏడోదాంట్లో జన్యువు ముందుండే స్విచ్చి మార్చాను. కణం బాగా అలిసిపోతే తనంతట తనే బరువు కాసేపు దించుకుంటుంది. తేరుకున్నాక మళ్లీ ఎత్తుకుంటుంది. అందుకే పెరుగుదలా పోదు, ఎంజైమూ ఎక్కువొస్తుంది. కానీ పని చేయించే మందు చిటికెడే వెయ్యాలి. నిండుగా వేస్తే దించుకోనివ్వదు, మెడమీద కూర్చుంటుంది. నీ లెక్కలో ఈ దించుకోవడం అన్నదే లేదు కదా. నీ గీత తప్పని మీటింగులో పదిమందిలో ఎలా అనాలి? అమ్మనడిగితే, ముందు ఇంట్లో మెల్లిగా చెప్పవే అంది. ఎలా మొదలుపెట్టాలో తెలీక రోజులు నెట్టాను."

పెద్దకోడలికి మెట్లమీద విన్న ఫోను మాటలు ఒక్కొక్కటే వేరే అర్థంతో వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

"వెయ్యక్కా, లెక్క వెయ్యి" అంది చిన్నకోడలు.

బరువు మోసేవీ బరువు పారేసినవీ ఒకే ఫ్లాస్కులో ఉంటే ఎవరు గెలుస్తారో చెప్పే ప్రోగ్రాము పెద్దకోడలు ఏనాడో రాసింది. కింది అంతస్తువాళ్లను కూర్చోబెట్టి క్లాసు కూడా పీకింది. వేల కణాల్లో ఏ ఒక్కటో జన్యువును పారేస్తుంది, అది తేలికపడి త్వరగా పిల్లలు పెడుతుంది, కాపలా లేకపోతే కొన్నాళ్లకు ఫ్లాస్కు నిండా దాని సంతానమే ఉంటుంది, జాగ్రత్త అని అందరికీ చెప్పింది. అందరికీ చెప్పిన ఆ జాగ్రత్త, తన ఫ్లాస్కు ఊగుతున్నన్నాళ్లూ ఆవిడకు గుర్తు రాలేదు.

ప్రోగ్రాము అడిగింది: యాంటీబయాటిక్ ఉందా?

"ఉందని పెట్టు" అంది చిన్నకోడలు. "ల్యాబులో అది వెయ్యకుండా ఎవరు పెంచుతారు?"

ఉందని పెట్టింది. లెక్క గీసిన గీత ఒకవైపు, కొలతలు ఇంకోవైపు పోయాయి.

"లేదని పెట్టి చూడు. పని చేయించే మందు నిండుగా పెట్టు."

ఆ మీట నొక్కే ముందే ఏం కనబడుతుందో పెద్దకోడలికి తెలిసిపోయింది. నొక్కింది. గీత వచ్చి కొలతలమీద అతికినట్టు పడుకుంది. మొదటిరోజు నెమ్మది, తర్వాత మెల్లగా వంపు, ఆ పైన ఖాళీ పరుగు. జీవితంలో ఆవిడ లెక్క ఇంత అందంగా ఎప్పుడూ కుదరలేదు.

చిన్నకోడలు చప్పట్లు కొట్టి ఎగిరింది. ఇన్నాళ్లకు మొదటిసారి నవ్వింది.

"అక్కా! నా తల్లీ! చూశావా, చూశావా? యాంటీబయాటిక్ వెయ్యలేదు ఆ మొద్దు! పైగా మందు కుమ్మరించింది! జన్యువున్నవాటిని తరిమి తరిమి, పారేసినవాటిని మేపి, చివర్న జన్యువు లేదని నా మీద చెప్పింది. ఎవరక్కా ఇంత తెలివితక్కువ మనిషి మన బిల్డింగులో?"

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. లోపల మండిపోతున్నా, పైకి కిక్కురుమనడానికి లేదు.

చిన్నకోడలు గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నవ్వు పోయి కళ్లు చిన్నవయ్యాయి. పెద్దకోడలు ఆ చూపును గుర్తుపట్టింది. ఇన్నాళ్లుగా అద్దంలో చూసుకుంటున్నదే.

"పొడుగాయనే" అంది చిన్నకోడలు. "ఆయనే. నా పక్క బల్ల. నా ఫ్రీజరు ఆయనకు అందుబాటులో ఉంటుంది. పోయిన నెల నా ఫలితాలు బాగా వచ్చాయంటే అదోలా నవ్వాడు. పాత యంత్రాల గదిలో ఏదో ఊగుతోందని నాతో ఆయనే అన్నాడు, ఎవరిదంటే నవ్వేసి పోయాడు, అంటే తనే పెట్టి, తెలీనట్టు... అక్కా, నాకిప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. రేపు పొద్దున డైరెక్టరు గదికెళ్లి ఆయన పేరు చెప్పేస్తాను. ఉద్యోగం పోతే తెలుస్తుంది, ఒకరి ఉసురు పోసుకుంటే ఏమవుతుందో."

"ఆయన కాదు."

"నీకెలా తెలుసు?"

బయట ఎవరో పిల్లలు సైకిళ్ల గంటలు మోగిస్తున్నారు. పక్కగదిలో అత్తగారు ఒత్తిగిలిన చప్పుడైంది. నోరు మూసుకుంటే రేపటికి పొడుగాయన దొంగ అవుతాడు, చిన్నకోడలు తిరిగి పనిలో చేరుతుంది, తానెప్పటిలాగే అక్కగా మిగులుతుంది. ఈ లెక్క వేయడానికి ఆవిడకు ప్రోగ్రాము అక్కర్లేదు. ఎంత సులువో చూసి ఆవిడకు తనమీద తనకే భయం వేసింది.

"నేను చేశాను చిన్నీ" అంది. "ఆ ఫ్లాస్కు నాది. డైరెక్టరుకు చెప్పింది నేనే."

చిన్నకోడలు మొదట నవ్వబోయింది. పెద్దకోడలి మొహం చూసి ఆగింది. మంచంమీద మెల్లిగా కూర్చుంది. చాలాసేపు తెరమీది గీతనే చూసింది. అరుస్తుందనుకుంది పెద్దకోడలు, అరిస్తే బాగుండుననుకుంది.

"అనుమానం వచ్చిన రోజు నన్ను అడగొచ్చుగా" అంది చివరికి, చాలా చిన్నగా. "కింద నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డావు కూడా. ఎందుకడగలేదు?"

పెద్దకోడలికి అందమైన జవాబులు రెండు మూడు తోచాయి. అన్నీ వదిలేసి ఉన్నది చెప్పింది.

"అడిగితే అబద్ధం చెప్తావనుకున్నా."

చిన్నకోడలు తల ఊపింది, ఒక కొలత విని ఒప్పుకున్నట్టు. "నీ భుజంమీద పడి ఏడ్చాను" అంది. "అప్పుడు కూడా అలాగే అనుకున్నావా?"

"అనుకున్నాను."

చిన్నకోడలు లేచి కంప్యూటరు మూసి చేతికింద పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరూ మామూలుగానే వడ్డించుకున్నారు. అత్తగారు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది గానీ ఏమీ అడగలేదు. ఇన్నేళ్లు సంసారం చేసిన మనిషికి ఎప్పుడు అడగకూడదో తెలుసు.

మర్నాడు పెద్దకోడలు చూద్దాంగారి గదిలో తలుపు వేయకుండా నిలబడి మొత్తం చెప్పింది. ఫ్రీజరు తెరవడం, యాంటీబయాటిక్ మానేయడం, మందు కుమ్మరించడం, చివరిరోజు కొలతలే చూడడం, ఏదీ దాచలేదు. బయట వరండాలో పొడుగాయనతో సహా విన్నవాళ్లు విన్నారు. ల్యాబులో పనులు పంచే బోర్డుమీద పెద్దకోడలి పేరు కొన్నాళ్లు వెనక్కి పోయింది. ఏడో రకం మళ్లీ పరీక్షకు వెళ్లింది. ఈసారి పొడుగాయన, ఇంకో బల్లవాళ్లు విడివిడిగా చేశారు. అందరికీ ఒకే ఫలితం వచ్చింది. చిన్నకోడలు కార్డు తిరిగి తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లింది. పెద్దకోడలు తన లెక్కలో అలసట అనే కొత్త అంకెను చేర్చింది. ఏడో చుక్క కొత్త గీతమీదికి వచ్చి కూర్చుంది. ఆ చుక్కను చూసి ఆవిడ సంతోషపడలేకపోయింది.

ఇంట్లో ఏ గొడవా జరగలేదు. వంటగది రెండు కాలేదు. చిన్నకోడలు ఎప్పటిలాగే సోఫాలో కాళ్లు చాపుకునేది, ఎప్పటిలాగే అక్కా అనేది, టీ పెట్టి ఇచ్చేది. జనం ఇది చూసి, భలే సర్దుకున్నారు అన్నారు. పెద్దకోడలు కూడా దాదాపు నమ్మింది.

కొన్ని వారాల తర్వాత కొత్త లెక్కకు ఏదో కొలత కావలసి వచ్చి పెద్దకోడలు కిందికి దిగింది. ముందే ఫోను చేసి, వస్తున్నానని చెప్పి మరీ దిగింది. గదిలో మరెవరూ లేరు. చిన్నకోడలు బల్లదగ్గర ట్యూబులు సర్దుతోంది.

"రా అక్కా" అని నవ్వింది. "ఏది కావాలి?"

"ఏడోదాని మొదటి గంట కొలతలు. తొందరేం లేదు."

"ఇస్తాలే, కూర్చో."

చెబుతూనే చిన్నకోడలు చేతిలో ట్యూబును కింద పెట్టి, లేచి, ఫ్రీజరు దగ్గరికి వెళ్లింది. అందులోనుంచి ఏదో తీస్తుందేమో అనుకుంది పెద్దకోడలు. తీయలేదు. ఫ్రీజరు తలుపుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. అక్కడినుంచే రాత్రి వంట సంగతి అడిగింది, అత్తగారి మోకాలి నొప్పికి ఏం చేద్దామని అడిగింది. అన్నీ ప్రేమగానే అడిగింది. పెద్దకోడలు జవాబులు చెప్పి, కొలతలు తర్వాత పంపించమని చెప్పి, లేచి, తలుపు దాటేదాకా చిన్నకోడలు అక్కడినుంచి కదల్లేదు.